ఆకురాయి జాడ

తూరిన్ నుంచి వచ్చాడు ఒడెల్లో గారు.
నీలం మఖమల్ గుడ్డలో చుట్టిన మడతకత్తిని
నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు
బల్లమీద దించాడు.
"బైంజు చేసిందేనా? ఒక్క మాట చాలు.
రాసిస్తే ఇంకా మేలు."

బొనారియా పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుంది.
పత్తాదాలో ఎవరికి అనుమానం వచ్చినా
కత్తి ఈ వంటింటికే వస్తుంది,
పెదనాన్న పోయి పదకొండేళ్లయినా.
నేను కాఫీ గిన్నె పొయ్యిమీద పెట్టి
అక్కడే నిలబడ్డాను.
ఇలాంటప్పుడు పొమ్మన్నా పోను.

ముందు తెరవలేదు.
మూసిన కత్తినే కిటికీ వెలుతురుకెత్తి
వీపు వెంట ఒక కన్ను నడిపించింది,
ఇనుముకీ కొమ్ముకీ నడుమ
వెలుగు దూరే సందేమైనా ఉందా అని.
లేదు.
"వెంట్రుకకు కూడా చోటివ్వలేదు" అంది,
పొగిడినట్టు కాదు, లెక్క చెప్పినట్టు.

పిడిని అరచేతిలో వేడెక్కేదాకా రుద్ది
వాసన చూసింది.
"పొట్టేలు కొమ్మే.
ఓడలమీద వచ్చే గేదెకొమ్ము నల్లగా నిగనిగలాడుతుంది గానీ
దానికి ఊరుండదు.
ఇది చూడు, తేనెరంగు మధ్యలో ఈ మసక చార.
ఆ ఏడు వానల్లేవు. జీవం మేతకు అలమటించింది.
కరువు కూడా కొమ్ములో రాసి ఉంటుంది నాయనా."
ఒడెల్లో గారు ఆ మాట పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

అప్పుడు తెరిచింది, నెమ్మదిగా,
వేరెవరికో వచ్చిన ఉత్తరం విప్పినట్టు.
మొదట బిగుసుకుని చివర జారిపోయేది
సంతలో అమ్మడానికి చేసిన కత్తి.
మంచిది మొదలునుంచి తుదిదాకా
ఒకే మాటమీద ఉంటుంది.
ఇది ఉంది.

కొండవాలున పెరిగే మిర్తో ఆకులాంటి అలుగు.
దాని అద్దపు మెరుపుకేసి ఆమె చూడనే లేదు.
మెరుగు ఎవరైనా పెడతారట,
తప్పులు దాని కిందే దుప్పటి కప్పుకుని పడుకుంటాయట.
గోటిని మడమనుంచి మొనదాకా జార్చి
ఎక్కడైనా నత్తి పలుకుతుందేమోనని
చెవి ఒగ్గింది.

ఆఖరున, కొనేవాళ్లెవరూ చూడని చోటు.
వీపు లోపలి గాడి.
అలుగు ముడుచుకుని పడుకునే ఆ కాస్త చీకటి.
టార్చి తెమ్మంది నన్ను.
లోపల ఆకురాయి గీతలు,
వంద ఉంటాయేమో,
తడి దువ్వెన పెట్టి దువ్విన జుట్టులా
అన్నీ ఒక్క వైపుకే వాలి.

చాలాసేపు చూసింది.
కాఫీ పొంగి మంటను ఆర్పేసింది.
ఎవరం కదల్లేదు.

"లోపల కూడా ఇంత శ్రద్ధా? ఎవరు చూస్తారని?"
ఒడెల్లో గారు నవ్వాడు.
"చేసినవాళ్లు చూస్తారు."

"అయితే బైంజుదే?"
"ముద్ర ఆయనదే" అంది పెద్దమ్మ.
కాసేపాగి, "ఇందులో వంక పెట్టడానికి
నాకేమీ దొరకలేదు" అంది.
ఆ రెండు మాటలే కాగితంమీద పెట్టమన్నాడు.

కలం అందుకుంది.
అక్షరాలు వెనక్కి వాలుతూ నడిచాయి,
సిరా ఆమె ఎడమచేతి చిటికెనవేలుకు అంటుకుంది.
నేను గోడమీది ఫోటోకేసి చూశాను.
దాగలి దగ్గర బైంజు పెదనాన్న,
కుడిచేతిలో సమ్మెట, కుడిచేతిమీదే కాలిన మచ్చ.
ఒడెల్లో గారు సంతకం ఆరేదాకా ఊదుకుంటున్నాడు.
ఆయన ఫోటో చూడలేదు.

కారు మలుపు తిరిగింది.
"కాఫీ అంతా పొయ్యిపాలు చేశావు కదే" అని
గుడ్డ పట్టుకుని తుడవడం మొదలెట్టింది.
నేనేమీ అడగలేదు.
ఆ చివరి ఏళ్లలో పెదనాన్న
సూప్ చెంచా నోటిదాకా తీసుకెళ్లేలోగా
సగం ఒలికిపోయేదని నాకు గుర్తే.

"ఎంతకు కొన్నాడట?"
చెప్పాను.
తుడుస్తున్న చెయ్యి ఆగింది.
"దాన్ని రెండు జున్ను చక్రాలకి ఇచ్చాం"
అంది. మళ్లీ గుడ్డ పిండుతూ,
నాకు కాదు, పొయ్యికి చెబుతున్నట్టు,
"ఇచ్చాను" అని దిద్దుకుంది.